కోర్‌బూట్ వేసిన థింక్‌ప్యాడ్ ఎక్స్230: బూట్ మెనూలో నెట్‌వర్క్ ఎందుకు కనబడదు?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మా శిక్షణ కేంద్రంలోని కంప్యూటర్ గదికి ఈమధ్య కొన్ని సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్ ఎక్స్230 ల్యాప్‌టాప్‌లు కొన్నాము. అమ్మిన వ్యాపారి ఒకటి తప్ప మిగిలిన వాటన్నింటిలో లెనోవో ఫర్మ్‌వేర్‌ను (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) తీసేసి, దాని బదులు కోర్‌బూట్ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్‌ను, దాని తరువాత నడిచే సీబయోస్ అనే పేలోడ్‌తో వేసి ఇచ్చారు. చాలావాటికి హార్డ్ డిస్కులు లేవు, ఉన్నవి కూడా ఎన్నాళ్లు నడుస్తాయో చెప్పలేము. అందువల్ల గదిలో ఉన్న డెబియన్ (ఒక లినక్స్ రకం) సర్వరు నుంచి ల్యాన్ కేబుల్ ద్వారానే అన్నింటినీ బూట్ చేయించాలని నా ఆలోచన.

లెనోవో ఫర్మ్‌వేర్ మిగిలి ఉన్న యంత్రంలో ఎఫ్12 నొక్కితే పీసీఐ ల్యాన్ అన్న వరుస కనబడుతోంది. కోర్‌బూట్ ఉన్న వాటిలో ఎస్కేప్ నొక్కితే వచ్చే మెనూలో మాత్రం డిస్కు, యూఎస్‌బీ తప్ప మరేదీ లేదు. యూఎస్‌బీ నుంచి డెబియన్ నడిపిస్తే అదే ల్యాన్ కార్డు చక్కగా పనిచేస్తోంది కాబట్టి హార్డ్‌వేర్ చెడిపోయిందని అనుకోవడానికి లేదు. ఇంకో సంగతి: గదిలోని రౌటరు భవనం యజమాని అధీనంలో ఉంది, దానిలోని డీహెచ్‌సీపీ (యంత్రాలకు నెట్‌వర్క్ చిరునామాలు పంచే పద్ధతి) సెట్టింగులను మార్చే వీలు నాకు లేదు. ఈ పరిస్థితిలో ఏమి చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

సీరియల్‌కేబుల్

కృష్ణాతీరం గారూ, మీ యంత్రాలు ఉండవలసిన తీరులోనే ఉన్నాయి. కోర్‌బూట్ తనంతట తాను నెట్‌వర్క్ బూట్ చేయదు. ప్రాసెసర్‌ను సిద్ధం చేసి, మెమరీని పనిలోకి తెచ్చి, పీసీఐ పరికరాలకు చిరునామాలు పంచి, ఆ తరువాత పగ్గాలను పేలోడ్‌కు అప్పగించి తప్పుకోవడంతో దాని పని ముగుస్తుంది. మీ పేలోడ్ అయిన సీబయోస్ పాతకాలపు బయోస్ ఇంటరప్టులను (ప్రోగ్రాములు బయోస్‌ను పని అడిగే పిలుపులు) అందిస్తుంది, డిస్కులనూ యూఎస్‌బీనీ తానే చదువుతుంది, కానీ మీ ల్యాన్ కార్డును నడిపే డ్రైవరు దానిలో లేదు. నెట్‌వర్క్ సంగతిని అది ఆప్షన్ రోమ్‌కు, అంటే ఆ పరికరం కోసం విడిగా ఉండే చిన్న కోడుకు వదిలేస్తుంది.

డెస్క్‌టాప్ స్లాటులో గుచ్చే ల్యాన్ కార్డుల్లో కొన్నింటికి ఆ రోమ్ కార్డు మీదే ఉంటుంది, సీబయోస్ దాన్ని కనిపెట్టి నడుపుతుంది. ఎక్స్230లో ఉన్నది బోర్డుతో కలిసి వచ్చే ఇంటెల్ 82579ఎల్‌ఎం. దానికి సొంత బూట్ రోమ్ లేదు. ఆ కోడు లెనోవో ఫర్మ్‌వేర్ లోపలే ఉండేది, ఆ ఫర్మ్‌వేర్‌తో పాటే పోయింది. దాని బదులు ఐపీఎక్స్ఈ అనే ఓపెన్ సోర్స్ బూట్ రోమ్‌ను కోర్‌బూట్ ఇమేజ్‌లో మీరే చేర్చుకోవాలి. ఈథర్‌బూట్, జీపీఎక్స్ఈ అనే పేర్లతో సాగివచ్చిన ప్రాజెక్టే 2010 నుంచి ఐపీఎక్స్ఈ పేరుతో నడుస్తోంది.

ఒక చిన్న చరిత్ర కూడా చెప్పుకోవచ్చు. కోర్‌బూట్ 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో రాన్ మిన్నిక్ ఆధ్వర్యంలో లినక్స్‌బయోస్ అనే పేరుతో మొదలైంది, 2008లో ఇప్పటి పేరు పెట్టుకుంది. వందలాది యంత్రాల క్లస్టరులో ఏదో ఒకటి కీబోర్డు లేదని మొరాయించి ఆగిపోతే, మనిషి వెళ్లి దాని ముందు నిలబడవలసి వచ్చే బయోస్‌లతో విసిగి చేసిన పని అది. కాబట్టి మీరు అడుగుతున్నది ఈ ఫర్మ్‌వేర్‌కు కొత్త విషయం కాదు, పెట్టెలో సిద్ధంగా పెట్టి ఇవ్వలేదు, అంతే.

వైరు_వరంగల్

పై వివరణకు కొనసాగింపుగా ఆచరణ చెబుతాను. ముందు డెబియన్‌లో పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశాన్ని రెండు ఎన్‌లతో నడిపి ల్యాన్ కార్డు వరుస చూడండి. చివర 8086:1502 అని ఉంటుంది. మొదటిది ఇంటెల్ సంఖ్య, రెండవది ఆ కార్డు సంఖ్య. ఇకపై అన్నీ ఈ రెంటి మీదనే ఆధారపడతాయి.

కోర్‌బూట్‌ను మీరే కంపైల్ చేసుకునే అలవాటు ఉంటే, మెనూకాన్ఫిగ్ అనే సెట్టింగుల తెరలో పేలోడ్ విభాగం కింద పీఎక్స్ఈ (నెట్‌వర్క్ బూట్ ప్రమాణం) ఐచ్ఛికాలు ఉంటాయి. ఐపీఎక్స్ఈని నిర్మించి చేర్చమని ఎంచుకుని, కార్డు సంఖ్య దగ్గర ముందే నింపి ఉన్న 10ఈసీ,8168ను తీసేసి 8086,1502 అని రాయండి. ముందే నింపి ఉన్నది రియల్‌టెక్ కార్డు సంఖ్య. దాన్ని అలాగే వదిలేస్తే నిర్మాణం ఏ ఫిర్యాదూ లేకుండా పూర్తవుతుంది గానీ మెనూలో మాత్రం ఏమీ కనబడదు, ఎందుకంటే సీబయోస్ తన ముందున్న కార్డు పేరుతో ఉన్న ఫైలు కోసమే వెదుకుతుంది.

ఉన్న ఇమేజ్‌ను మళ్లీ నిర్మించడం ఇష్టం లేకపోతే ఐపీఎక్స్ఈని విడిగా కంపైల్ చేసి, ఆ కార్డుకు సరిపడే రోమ్ ఫైలును, ఇమేజ్‌లోని ఫైళ్లను మార్చే సీబీఎఫ్‌ఎస్‌టూల్‌తో ఇమేజ్‌లోకి ఎక్కించవచ్చు. ఫైలు పేరులో ఖాళీలు ఉండరాదు: పీసీఐ అన్న మూడు చిన్న అక్షరాలు, వాటికి అతుక్కుని 8086, కామా, 1502, చుక్క, రోమ్. రకం దగ్గర రా అని ఇస్తే చాలు. కార్డు సంఖ్యలో అక్షరాలు ఉన్నవారు వాటిని కూడా చిన్న అక్షరాల్లోనే రాయాలి. ఎక్కించిన తరువాత ప్రింట్ ఆదేశంతో ఇమేజ్‌లోని ఫైళ్ల పట్టిక చూసి, పేరు సరిగా పడిందని రూఢి చేసుకున్నాకనే ఫ్లాష్ చేయండి, అంటే ఫర్మ్‌వేర్ చిప్పులో రాయండి.

ఫ్లాష్ చేసేటప్పుడు జాగ్రత్త. ఎక్స్230లో 8 ఎంబీ, 4 ఎంబీ చిప్పులు రెండు కలిసి 12 ఎంబీగా కనబడతాయి. చిప్పులోని భాగాలనూ వాటి అనుమతులనూ చెప్పే డిస్క్రిప్టర్, ఇంటెల్ సొంత ఫర్మ్‌వేర్ అయిన ఇంటెల్ ఎంఈ, ల్యాన్ కార్డు వివరాలు ఉండే జీబీఈ భాగం 8 ఎంబీ చిప్పులో ఉంటాయి. మొత్తం 12 ఎంబీనీ తిరగరాయకుండా, చిప్పులో రాసే ఫ్లాష్‌రోమ్ సాధనానికి బయోస్ భాగాన్ని మాత్రమే రాయమని చెప్పండి. అంతకుముందు చిప్పులో ఉన్నదాన్ని చదివి, ఆ బ్యాకప్‌ను వేరే యంత్రంలో దాచండి. యంత్రం లోపలి నుంచే ఫ్లాష్ చేయాలంటే కెర్నెల్ ఆదేశ వరుసలో ఐఓమెమ్ సెట్టింగును రిలాక్స్‌డ్‌గా ఉంచవలసి రావచ్చు.

కృష్ణాతీరం

వైరు_వరంగల్ గారికి కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే రోమ్ చేర్చి ఒక యంత్రంలో వేశాను. ఇప్పుడు బూట్ మెనూలో ఐపీఎక్స్ఈ అని, పక్కనే పీసీఐ 00:19.0 అని వరుస వచ్చింది. దాన్ని ఎంచుకుంటే కార్డును గుర్తిస్తోంది, రౌటరు నుంచి చిరునామా తీసుకుంటోంది, ఆపైన "నథింగ్ టు బూట్" అని చెప్పి ఆగిపోతోంది.

ప్యాకెట్‌పట్టు

అక్కడ ఆగడం సహజమే. రౌటరు చిరునామా ఇచ్చింది గానీ ఏ ఫైలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పలేదు. మామూలుగా ఆ సమాచారం డీహెచ్‌సీపీ జవాబులోనే 66, 67 సంఖ్యల ఐచ్ఛికాలుగా వస్తుంది. రౌటరు మీ చేతిలో లేదు కాబట్టి మీ డెబియన్ సర్వరులో డీహెచ్‌సీపీ జవాబులివ్వగల డీఎన్‌ఎస్‌మాస్క్ ప్రోగ్రామును ప్రాక్సీ పద్ధతిలో నడపండి. డీహెచ్‌సీపీ రేంజ్ వరుసలో మీ నెట్‌వర్క్ చిరునామా తరువాత ప్రాక్సీ అని రాస్తే, అది ఎవరికీ చిరునామా పంచదు. చిరునామా పని రౌటరుదే, బూట్ ఫైలు ఎక్కడుందో చెప్పడం మాత్రం మీ సర్వరు పని. ఐపీఎక్స్ఈ రెండు జవాబులనూ కలిపి చదువుకుంటుంది. రౌటరు యజమానికి మీరు చెప్పవలసినదీ ఏమీ ఉండదు.

అయితే ఇంటర్నెట్‌లో దొరికే డీఎన్‌ఎస్‌మాస్క్ నమూనాలను అలాగే దించుకోకండి. అవి ఎక్కువగా కంపెనీ ఫర్మ్‌వేర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. యంత్రంలోని సాదా పీఎక్స్ఈకి ముందుగా యూఎన్‌డీఐఓన్లీ అనే ఐపీఎక్స్ఈ ఫైలును అందిస్తాయి, అది లేచి మళ్లీ డీహెచ్‌సీపీ అడిగినప్పుడు అసలు స్క్రిప్టు ఇవ్వాలి. మీ రోమ్ మొదటి నుంచే ఐపీఎక్స్ఈ. అడుగుతున్నది ఎవరో సర్వరు తేల్చుకోకపోతే ఐపీఎక్స్ఈ మళ్లీ ఐపీఎక్స్ఈనే దించుకుని, అదే ప్రశ్న అడిగి, అదే ఫైలు పొంది, తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటుంది. ఐపీఎక్స్ఈ తన అభ్యర్థనలో 175వ ఐచ్ఛికాన్ని పంపుతుంది. అది ఉన్నవారికి నేరుగా హెచ్‌టీటీపీ స్క్రిప్టు చిరునామా, లేనివారికి యూఎన్‌డీఐఓన్లీ ఇచ్చేలా డీఎన్‌ఎస్‌మాస్క్‌లో ట్యాగులు (అడిగినవారిని వేరుచేసే గుర్తులు) పెట్టండి. అప్పుడు లెనోవో ఫర్మ్‌వేర్ మిగిలిన ఆ ఒక్క యంత్రం కూడా రెండవ మెట్టులో అదే స్క్రిప్టుకు చేరుతుంది.

టెర్మినల్_తాత

ప్యాకెట్‌పట్టు గారి పద్ధతి సరైనదే గాని, ఫర్మ్‌వేర్ మన చేతిలో ఉన్నప్పుడు ఇంత తతంగం అవసరమా అని నా సందేహం. ఐపీఎక్స్ఈని కంపైల్ చేసేటప్పుడే ఒక స్క్రిప్టును లోపల పొదిగించవచ్చు. చిరునామా తెచ్చుకో, ఫలానా సర్వరు నుంచి ఫలానా స్క్రిప్టు తెచ్చి నడుపు అని రెండు వరుసలు అందులో రాస్తే, డీహెచ్‌సీపీ నుంచి ఫైలు పేరు వచ్చినా రాకపోయినా ఒకటే. ప్రాక్సీ అక్కర్లేదు, ట్యాగులు అక్కర్లేదు. కంపెనీ ఫర్మ్‌వేర్ ఉన్నవారికి దొరకని సౌకర్యం ఇది.

ప్యాకెట్‌పట్టు

తాతగారూ, సర్వరు చిరునామా మారిన రోజున ప్రతి ల్యాప్‌టాప్‌నూ మళ్లీ ఫ్లాష్ చేయవలసి రాదా? సెట్టింగు ఒక్క చోట, అంటే సర్వరులో ఉండటమే నాకు ఇష్టం.

టెర్మినల్_తాత

అందుకే పొదిగించే స్క్రిప్టు వీలైనంత చిన్నదిగా ఉండాలి. దానిలో కెర్నెల్ పేరు గాని, మెనూ గాని పెట్టకూడదు. సర్వరులోని తొలి స్క్రిప్టు చిరునామా ఒక్కటే చాలు, తక్కినదంతా అక్కడే మార్చుకోవచ్చు. ఆ స్క్రిప్టును తెచ్చి నడిపే చైన్ ఆదేశం విఫలమైతే ఐపీఎక్స్ఈ షెల్‌లోకి (ఆదేశాలు టైపు చేసే తెర) దించమని ఒక వరుస తప్పక చేర్చండి. షెల్ ఉంటే కొత్త చిరునామాను చేత్తో టైపు చేసి అయినా బూట్ చేయవచ్చు. అది లేని రోమ్‌ను నేను ఏ యంత్రంలోనూ వేయను.

సీరియల్‌కేబుల్

ఇద్దరి మాటా వినదగినదే. కృష్ణాతీరం గారి గదిలో లెనోవో ఫర్మ్‌వేర్ యంత్రం ఒకటి ఉంది కాబట్టి ప్రాక్సీ ఎలాగూ కావాలి. అలాంటప్పుడు పొదిగింపు లేకుండానే సాగించవచ్చు.

ఫైళ్ల రవాణా గురించి ఒక మాట చెప్పాలి. కెర్నెల్‌ను, ఇనిట్ఆర్‌డీని (కెర్నెల్‌తో పాటు మొదట మెమరీలోకి ఎక్కే ఫైలు) టీఎఫ్‌టీపీ అనే పాత ఫైలు బదిలీ పద్ధతి మీద పంపకండి. 1992 నాటి ప్రమాణం ప్రకారం అది 512 బైట్ల ముక్కను పంపి, అందిందన్న కబురు వచ్చేదాకా తరువాతి ముక్కను కదపదు. 40 ఎంబీ ఇనిట్ఆర్‌డీ అంటే 81,920 ముక్కలు. ఒక్కో ముక్క వెళ్లి కబురు రావడానికి అర మిల్లీసెకను పట్టినా మొత్తం 40 సెకన్లు దాటుతుంది, లైను ఎంత వేగమైనదైనా ఆ ఎదురుచూపు తగ్గదు. ముక్క పరిమాణాన్ని పెంచే ఐచ్ఛికం తరువాత వచ్చింది, అయినా పద్ధతి అదే. ఐపీఎక్స్ఈకి హెచ్‌టీటీపీ వచ్చు. సర్వరులో ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వరు ప్రోగ్రాము పెట్టి ఒక డైరెక్టరీ తెరిచి ఉంచితే సరిపోతుంది. టీఎఫ్‌టీపీ అవసరం ఆ లెనోవో యంత్రానికి తొలి చిన్న ఫైలు ఇవ్వడం వరకే.

కృష్ణాతీరం

ప్రాక్సీ, హెచ్‌టీటీపీ రెండూ పెట్టాను. ఒక ల్యాప్‌టాప్ చక్కగా బూట్ అయింది. అయితే రెండవదాన్ని కూడా కలిపితే మొదటిది వేలాడిపోతోంది, మూడవది కలిపితే ఏదీ సరిగా నడవదు. రౌటరు అన్నింటికీ ఒకే చిరునామా ఇస్తున్నట్లు డీఎన్‌ఎస్‌మాస్క్ లాగులో కనబడుతోంది. ఒక్కొక్కదాన్ని విడిగా బూట్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు.

వైరు_వరంగల్

ఐపీఎక్స్ఈ తెర మీద నెట్0 వరుసలో కనబడే మ్యాక్ చిరునామాలను (ఒక్కో ల్యాన్ కార్డును గుర్తించే సంఖ్య) రెండు యంత్రాల్లో పోల్చి చూడండి. రెండూ ఒకటే అయితే సంగతి తేలినట్లే. అమ్మిన వ్యాపారి ఒక యంత్రం నుంచి తీసిన పూర్తి 12 ఎంబీ ఇమేజ్‌నే అన్నింటిలోనూ వేసి ఉంటారు. ఈ తరం ఇంటెల్ బోర్డుల్లో మ్యాక్ చిరునామా ల్యాన్ కార్డులో ఉండదు. నేను ముందు చెప్పిన జీబీఈ భాగంలో, అంటే ఫ్లాష్ చిప్పులోని 8 కేబీ ముక్కలో మొదటి ఆరు బైట్లే ఆ చిరునామా. ఇమేజ్‌ను నకలు తీస్తే చిరునామా కూడా నకలవుతుంది.

దీన్ని హెక్స్ ఎడిటర్‌తో మార్చడానికి పూనుకోకండి. ఆ భాగంలోని మొదటి 64 పదాలను, ఒక్కో పదం 16 బిట్ల చొప్పున కూడితే మొత్తం హెక్స్‌లో బీఏబీఏ రావాలి. మ్యాక్ మార్చి ఆ లెక్క సరిచేయకపోతే, చెక్‌సమ్ చెల్లదని చెప్పి లినక్స్ డ్రైవరు కార్డును ముట్టుకోదు. పైగా ఆ 8 కేబీలో 4 కేబీల ప్రతులు రెండు ఉంటాయి. లిబ్రెబూట్ వారి ఎన్‌వీఎంయుటిల్ అనే చిన్న సాధనం చిరునామాను మార్చి చెక్‌సమ్‌ను కూడా తానే సరిచేస్తుంది. ఫ్లాష్‌రోమ్‌తో జీబీఈ భాగాన్ని మాత్రమే చదివి, మార్చి, అదే భాగాన్ని తిరిగి రాయండి. డిస్క్రిప్టర్ అనుమతించకపోతే చిప్పుకు క్లిప్పు పెట్టి బయటి నుంచి రాయవలసి వస్తుంది. అలాంటప్పుడు సీహెచ్341ఏ ప్రోగ్రామర్లతో (చిప్పులో రాసే చిన్న పరికరాలు) జాగ్రత్త పడండి. చవకగా దొరికే నల్లబోర్డులు కొన్ని 3.3 వోల్టుల చిప్పుకు డేటా తీగల్లో 5 వోల్టులు పంపుతాయి.

అసలు చిరునామా యంత్రం మీద అతికించిన చీటీలో ఉంటే అదే వాడండి. చీటీ చిరిగిపోయి ఉంటే మొదటి బైటు 02గా పెట్టి, మిగిలినవి ఒక్కో యంత్రానికి వేరువేరుగా ఇచ్చుకోండి. ఏ తయారీదారుకూ కేటాయించని, స్థానికంగా పెట్టుకునే చిరునామాలు ఆ విధంగా మొదలుకావచ్చు.

రైన్_నది_ఒడ్డున

ఆలస్యంగా వస్తున్నాను, మన్నించాలి. జర్మనీలో ఇంటి రౌటరుగా పీసీ ఇంజిన్స్ వారి ఏపీయూ2 అనే చిన్న కంప్యూటర్ బోర్డును వాడుతున్నాను. దానికి తెర లేదు, 115200 వేగంతో సీరియల్ పోర్టు ఒక్కటే ఉంది. కోర్‌బూట్, సీబయోస్, ఐపీఎక్స్ఈ మూడూ తయారీదారు ఫర్మ్‌వేర్‌లోనే ఉన్నాయి, ఎఫ్10 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. ఎక్స్230లో మీరు చేత్తో కూర్చినదే అక్కడ సిద్ధంగా దొరుకుతుంది.

ఒక సందేహం. సీబయోస్ బదులు గ్రబ్ అనే బూట్‌లోడరును పేలోడ్‌గా వాడితే ఇదంతా తప్పేది కాదా? వైఫై మీద బూట్ చేసే వీలు ఉందా?

సీరియల్‌కేబుల్

గ్రబ్‌తో కుదరదు. పీసీలో గ్రబ్ నెట్‌వర్క్‌ను వాడేది ఫర్మ్‌వేర్ అందించే డ్రైవరు ద్వారానే. కోర్‌బూట్ కింద నేరుగా నడిచేటప్పుడు దానికి అలా అందించేవారు ఎవరూ ఉండరు. అలాగే ఐపీఎక్స్ఈ రోమ్‌ను సీబయోస్ లేకుండా పెట్టినా ప్రయోజనం లేదు, ఎందుకంటే తెర మీద రాయడానికీ, మెమరీ ఎక్కడెక్కడ ఖాళీగా ఉందో తెలుసుకోవడానికీ అది బయోస్ ఇంటరప్టులనే పిలుస్తుంది. బయోస్ బదులు దాని తరువాతి ప్రమాణమైన యూఈఎఫ్‌ఐ కావాలనుకునేవారు దాన్ని అందించే ఈడీకే2 పేలోడ్ పెట్టుకుని, ఐపీఎక్స్ఈని ఈఎఫ్‌ఐ రూపంలో చేర్చుకోవాలి. అక్కడ కెర్నెల్ వరుసలో ఇనిట్ఆర్‌డీ పేరును కూడా రాయడం మరవకండి.

వైఫై విషయంలో ఐపీఎక్స్ఈ మీద ఆశ పెట్టుకోవద్దు. దానిలో కొన్ని పాత కార్డులకు తప్ప డ్రైవర్లు లేవు, ఎక్స్230లోని ఇంటెల్ వైఫై కార్డుకైతే విడిగా ఒక ఫర్మ్‌వేర్ ఫైలు ఎక్కించాలి. వైఫై బూట్ కావాలంటే లినక్స్‌బూట్ దారి పట్టాలి. అక్కడ ఫ్లాష్ చిప్పులోనే లినక్స్ కెర్నెల్, గో భాషలో రాసిన యూ-రూట్ అనే సాధనాల సముదాయం ఉంటాయి. కెర్నెల్‌కు తెలిసిన ప్రతి కార్డూ బూట్‌కు పనికివస్తుంది. హెడ్స్ అనే ప్రాజెక్టు ఎక్స్230 ఫ్లాష్‌లో లినక్స్‌ను ఇమిడ్చి చూపింది కాబట్టి స్థలం చాలదన్న భయం అక్కర్లేదు. అయితే ఒక గదిలోని ల్యాప్‌టాప్‌లకు కేబుల్ ఉండగా ఇంత శ్రమ నేను సలహా ఇవ్వను.

టెర్మినల్_తాత

భద్రత గురించి ఎవరూ మాట్లాడలేదు. హెచ్‌టీటీపీ మీద వచ్చే కెర్నెల్‌ను మధ్యలో ఎవరు మార్చినా తెలియదు. మన డీఎన్‌ఎస్‌మాస్క్ రౌటరు అనుమతి లేకుండా జవాబిస్తున్నట్లే, తెలివైన విద్యార్థి ల్యాప్‌టాప్ కూడా జవాబివ్వగలదు. రోమ్‌ను ఎలాగూ మీరే కంపైల్ చేస్తున్నారు కాబట్టి హెచ్‌టీటీపీఎస్‌ను ఆన్ చేసి, మీ సొంత సర్టిఫికెట్ అథారిటీని (సర్వరు అసలుదేనని ధ్రువీకరించే మూలం) మాత్రమే నమ్మేలా కట్టండి. రోమ్ కొంచెం పెరుగుతుంది, 4 ఎంబీ చిప్పులో దానికి చోటు సరిపోతుంది.

ఇక్కడ పాత ల్యాప్‌టాప్‌లకే వచ్చే చిక్కు ఒకటుంది. గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోతే యంత్రం తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోతుంది, అప్పుడు సర్టిఫికెట్ ఇంకా అమలులోకి రాలేదని ఐపీఎక్స్ఈ తిరస్కరిస్తుంది. ఐపీఎక్స్ఈలో, నెట్‌వర్క్ నుంచి సరైన సమయం తెచ్చే ఎన్‌టీపీ ఆదేశాన్ని కూడా కంపైల్ చేసి, స్క్రిప్టులో ముందుగా దాన్ని పిలవవచ్చు. నన్నడిగితే బ్యాటరీ మార్చడమే నయం.

కృష్ణాతీరం

మ్యాక్ చిరునామాలు నిజంగానే అన్నింటిలో ఒకటే. వైరు_వరంగల్ గారు చెప్పిన సాధనంతో మార్చాక అన్నీ కలిసి బూట్ అవుతున్నాయి. మొదట లైవ్ డెబియన్ మొత్తాన్ని కుదించి ఉంచే స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఫైలును మొత్తంగా దించుకునేలా పెట్టాను గానీ, అది అంతా ర్యామ్‌లో కూర్చుంటోంది, 4 జీబీ ఉన్న యంత్రాల్లో బ్రౌజరుకు చోటు మిగలడం లేదు. అందుకని, ఒక సర్వరు నుంచి ఎన్నో యంత్రాలను నెట్‌వర్క్ ద్వారా నడిపించే ఎల్‌టీఎస్‌పీకి మారాను. అది స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌ను సర్వరులోనే ఉంచి ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) ద్వారా అవసరమైన మేరకే చదువుతుంది, ఐపీఎక్స్ఈ మెనూను కూడా తానే తయారుచేస్తుంది. తెలుగు ఫాంట్లు, ఐబస్ అనే టైపింగ్ సాధనంలో తెలుగు కీబోర్డు సర్వరులోని ఒక్క ఇమేజ్‌లో పెడితే గదంతటికీ వచ్చేశాయి. హెచ్‌టీటీపీఎస్ తరువాతి విడతలో చేస్తాను.

రెండు విషయాలు మిగిలాయి. కొన్ని యంత్రాలు కేబుల్ పెట్టి ఉన్నా మొదటిసారి డీహెచ్‌సీపీ దగ్గర విఫలమై, రెండవసారి ఆన్ చేస్తే బూట్ అవుతున్నాయి. ఇక ప్రతిసారీ ఎస్కేప్ నొక్కి ఐపీఎక్స్ఈని ఎంచుకోవలసి వస్తోంది, పిల్లలకు అది ఇబ్బంది.

ప్యాకెట్‌పట్టు

మొదటిదానికి మీ స్విచ్చును చూడండి. స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో వలయాలు ఏర్పడకుండా చూసే పద్ధతి) ఆన్ అయి ఉంటే, కొత్తగా లైను లేచిన పోర్టును వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి 15 సెకన్లు ఆపి ఉంచుతుంది. ఈలోపు డీహెచ్‌సీపీ ప్రయత్నాలు అయిపోవచ్చు. ల్యాప్‌టాప్‌లు తగిలించిన పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా గుర్తు పెడితే ఆ నిరీక్షణ ఉండదు. స్విచ్చుల మధ్య లింకులకు మాత్రం ఆ గుర్తు పెట్టకండి.

సీరియల్‌కేబుల్

రెండవదానికి సీబీఎఫ్‌ఎస్‌లో, అంటే కోర్‌బూట్ ఇమేజ్‌లోని ఫైళ్ల మధ్య, బూట్‌ఆర్డర్ అనే పేరుతో ఒక సాదా టెక్స్ట్ ఫైలును చేర్చాలి. దానిలో ఏ పరికరాన్ని ముందు ప్రయత్నించాలో వరుసకు ఒకటిగా రాస్తాము. ఆ పరికరం దారిని ఊహించి రాయవద్దు. డెబియన్‌లోకి వెళ్లి సీబీమెమ్ సాధనంతో కన్సోల్ లాగు (బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ రాసిన సందేశాలు) తీసి చూడండి. సీబయోస్ లాగు స్థాయి తగినంత ఎక్కువగా ఉంటే, ప్రతి పరికరానికీ "సెర్చింగ్ బూట్‌ఆర్డర్ ఫర్" అని ఒక వరుస ఉంటుంది, దాని పక్కన ఉన్న దారిలో చివర 19 అని ఉన్నది మీ ల్యాన్ కార్డుది. దాన్ని యథాతథంగా మొదటి వరుసగా పెట్టి, డిస్కు ఉన్న యంత్రాల కోసం దాని దారిని రెండవ వరుసగా రాయండి. మెనూ కోసం ఆగే సమయాన్ని ఈటీసీ డైరెక్టరీ పేరుతో మొదలయ్యే బూట్‌మెనూవెయిట్ ఫైలులో మిల్లీసెకన్లలో ఇవ్వవచ్చు. పదాల మధ్య అడ్డగీతలు ఉంటాయి, చూసి రాయండి. దాన్ని పూర్తిగా సున్నా చేయకండి. సర్వరు ఆగిపోయిన రోజున యూఎస్‌బీ నుంచి బూట్ చేయడానికి ఎస్కేప్ నొక్కే వ్యవధి మీకే కావాలి.